అక్వేరియం లైటు: ఎన్ని గంటలు అన్నది సగం ప్రశ్నే

ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న వాళ్ళకి మొదటి నెలలోనే వచ్చే సందేహం ఇది. లైటు రోజుకి ఎన్ని గంటలు వెయ్యాలి? అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఆరు గంటలు చాలని ఒకరు, పన్నెండు లేకపోతే మొక్కలు బతకవని ఇంకొకరు, పొద్దున లేవగానే వేసి రాత్రి పడుకునే ముందు ఆపుతాం, మాకేమీ కాలేదు అని మరొకరు. వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళ ట్యాంకుకి ఆ అంకె కుదిరింది. మీ ట్యాంకుకి కుదురుతుందో లేదో మాత్రం వాళ్ళు చెప్పలేరు, ఎందుకంటే గంటలు ఈ లెక్కలో ఒక భాగమే. లైటు ఎంత బలమైనది, లోపల ఏం పెరుగుతోంది, పెరిగేదానికి మిగతా తిండి అందుతోందా అన్నవి తెలియకుండా గంటలు ఒక్కటే చెప్పడం కుదరదు.

తొందరలో ఉన్నవాళ్ళ కోసం అంకెలు ముందే చెప్పేస్తాను. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకి 6 నుంచి 8 గంటలు. మామూలు మొక్కలున్న ట్యాంకుకి, అది నిలదొక్కుకున్నాక, 7 లేదా 8. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టి, ఎరువు వేసి, గట్టిగా మొక్కలు పెంచేవాళ్ళకి 8 నుంచి 10 దాకా. కొత్తగా పెట్టిన ట్యాంకు ఏ రకమైనా సరే 5, 6 గంటలతో మొదలుపెట్టాలి. రాత్రంతా వెలిగించడం ఏ ట్యాంకుకీ మంచిది కాదు. ఈ అంకెలు పట్టుకుని ఇక్కడే ఆగిపోయినా కొంప మునగదు. కానీ కొన్నాళ్ళకి అద్దం మీద పచ్చగా పాచి పట్టడం మొదలైతేనో, మొక్కల కింది ఆకులు రాలిపోతుంటేనో, గంటలు పెంచాలా తగ్గించాలా అన్నది తేల్చుకోవాలంటే ఈ అంకెల వెనకున్న కారణం తెలియాలి.

అసలు ఆ లైటు ఎవరి కోసం? చేపల కోసమే అనుకుంటాం. చేపకి మేత కనబడటానికి, తోటి చేపల్ని గుర్తుపట్టడానికి వెలుతురు కావాలి, నిజమే. కానీ అందుకు పగటిపూట గదిలో ఉండే వెలుతురు సరిపోతుంది. ట్యాంకు మీద లైటు అస్సలు వెయ్యకపోయినా చాలా చేపలు హాయిగా బతుకుతాయి. చేపకి నిజంగా కావలసింది ఎక్కువ వెలుతురు కాదు, రోజూ దాదాపు ఒకే వేళకి మొదలయ్యే పగలు, ఒకే వేళకి మొదలయ్యే రాత్రి. మన మెదడులో ఉన్నట్టే చేప మెదడులోనూ పీనియల్ గ్రంథి ఉంటుంది, చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. మనకైతే వెలుతురు సంగతి కళ్ళ ద్వారా ఆ గ్రంథికి చేరుతుంది. చాలా చేపల్లో తల పైనుంచి పడే వెలుతురుని ఆ గ్రంథే నేరుగా పసిగడుతుంది. పైగా మనం ట్యాంకులో పెంచుకునే చేపలకి మూసుకోవడానికి కనురెప్పలు లేవు. లైటు వెలుగుతున్నంతసేపూ వాటికి పగలే. వెలుతురు వల్ల నిద్ర తగ్గిపోతుందని జీబ్రాఫిష్ మీద చేసిన పరిశోధనల్లో తేలింది కూడా.

చేప నిద్రపోతుందా అని అనుమానం ఉన్నవాళ్ళు ఒకసారి చూడండి. లైట్లు ఆర్పిన రెండు మూడు గంటల తర్వాత, మసక వెలుతురులో, నియాన్ టెట్రాల దగ్గరికి వెళ్ళి చూస్తే పగలు మెరిసే ఆ నీలం గీత వెలిసిపోయి ఉంటుంది, ఎరుపు కూడా పాలిపోయి ఉంటుంది, చేపలు ఉన్నచోటే దాదాపు కదలకుండా రెక్కలు మాత్రం కొద్దికొద్దిగా ఆడిస్తూ ఉంటాయి. కొత్తవాళ్ళు అది చూసి చేపలకి జబ్బు చేసిందని టెన్షన్ పడతారు. జబ్బు కాదు, అది రాత్రి రంగు. పొద్దున వెలుతురు పడ్డాక కాసేపటికి మళ్ళీ మామూలు రంగు వచ్చేస్తుంది. అందుకే కనీసం 10, 12 గంటల చీకటి చేపల హక్కు అనుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టమంటాను. ముందు వాటి రాత్రి వాటికి వదిలేసి, మిగిలిన సమయంలో ఎంతసేపు లైటు వెయ్యాలన్నది ఆలోచించాలి. నీలం రంగు మూన్‌లైట్ పేరుతో వచ్చే లైట్లు తెల్లవార్లూ వేసి ఉంచేవాళ్ళున్నారు. చూడటానికి బాగుంటుంది గానీ అది చేపకి అవసరం లేదు. గంటో రెండు గంటలో చూసుకుని ఆపేయండి.

కాబట్టి గంటల లెక్క తేలేది చేపల దగ్గర కాదు, ట్యాంకులో వెలుతురుని తిని బతికే వాటి దగ్గర. అవి రెండు. ఒకటి మనం నాటిన మొక్కలు, రెండోది మనం పిలవకుండానే వచ్చే నాచు. రెండిటికీ కావలసినవి ఒకటే: వెలుతురు, కార్బన్ డయాక్సైడ్, నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం, ఇనుము లాంటి పోషకాలు.

ఇప్పుడు వెలుతురు లెక్క. బకెట్లో ఎన్ని నీళ్ళు పడ్డాయో చెప్పాలంటే కుళాయి ఎంతసేపు వదిలారన్నది ఒక్కటే చాలదు, ఎంత తిప్పారో కూడా తెలియాలి కదా. లైటు కూడా అంతే. మొక్క వాడుకోగల వెలుతురు బలాన్ని పార్ అనే కొలతతో చెబుతారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ వెలుతురు కణాలు పడుతున్నాయన్నది దాని అర్థం. ట్యాంకు అడుగున 30 పార్ పడుతూ 10 గంటలు వెలిగితే రోజు మొత్తానికి 1.08 మోల్స్ (పది లక్షల మైక్రోమోల్స్ ఒక మోల్). అదే 60 పార్ ఇచ్చే లైటు 5 గంటలకే ఆ మొత్తాన్ని ఇచ్చేస్తుంది. 100 పార్ లైటు 8 గంటలు వేస్తే 2.88. అంటే ఒకరు పది గంటలు, ఇంకొకరు అయిదు గంటలు అని చెప్పుకుంటున్న ఇద్దరి మొక్కలకీ అందుతున్నది సమానం కావచ్చు. ఎనిమిది గంటలే వేస్తున్న మూడో మనిషి ఆ ఇద్దరికంటే రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు పోస్తూ, నాచు ఎందుకొస్తోందో అర్థం కాక తల పట్టుకుని ఉండొచ్చు.

మన లైటు పార్ ఎంతో చాలామందికి తెలియదు, పెట్టె మీద వాట్లు, ల్యూమెన్లు మాత్రమే ఉంటాయి. లీటరుకి ఇన్ని వాట్లు అనే పాత సూత్రం ట్యూబులైట్ల కాలం నాటిది. ఎల్‌ఈడీలు వచ్చాక దానికి పెద్దగా అర్థం లేదు, ఎందుకంటే వాట్ అనేది లైటు తాగే కరెంటు, ఇచ్చే వెలుతురు కాదు. ల్యూమెన్ మనిషి కంటికి ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెబుతుంది. మీటరు లేకపోతే లైటు తయారుచేసినవాళ్ళు ఏ లోతులో ఎంత పార్ వస్తుందని చెబుతున్నారో చూడండి. 30 లోపు ఉంటే తక్కువ వెలుతురు, 50 దాటితే ఎక్కువ అని సుమారుగా అనుకోవచ్చు. లోతు మాట మర్చిపోవద్దు. అదే లైటు లోతు తక్కువున్న ట్యాంకులో కళ్ళు చెదిరేలా ఉంటుంది, లోతైన ట్యాంకు అడుగుకి చేరేసరికి చాలా తగ్గిపోతుంది. నీళ్ళు చెక్క రంగు దిగి గోధుమ రంగులో ఉన్నా, పైన తేలే మొక్కలు కప్పేసినా ఇంకా తగ్గుతుంది.

కిటికీ ఎండ సంగతి ఇక్కడే చెప్పాలి. మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ దాదాపు 2,000 పార్ ఉంటుంది. ఏటవాలుగా వచ్చి, కిటికీ అద్దం, ట్యాంకు అద్దం దాటి అందులో నాలుగో వంతే లోపలికి చేరిందనుకుందాం. 500 పార్ చొప్పున ఒక్క గంటలో 1.8 మోల్స్. ఇందాక చెప్పిన 30 పార్ లైటు పది గంటలు కష్టపడి ఇచ్చేదానికంటే ఎక్కువ. అందుకే లైటు ఆరు గంటలే వేస్తున్నాం, అయినా నీళ్ళు పచ్చబడుతున్నాయి అనేవాళ్ళని నేను మొదట అడిగేది ఎండ పడుతోందా అని. పడుతుంటే గంటలతో కుస్తీ పట్టడం దండగ, ట్యాంకు జరపాలి, లేదా ఆ వైపు అట్ట అడ్డం పెట్టాలి.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. ఈ చేపలు, మొక్కలు చాలావరకు ఉష్ణమండలానివి, అక్కడ ఏడాది పొడుగునా పగలు ఇంచుమించు 12 గంటలు, మరి మనం కూడా 12 గంటలు ఇస్తే తప్పేముంది? చేపలకి తప్పేమీ లేదు. కానీ వాగులో ఆ 12 గంటలూ ఒకేలా ఉండవు. పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు వెలుతురులో చాలా భాగం నీటి పైనుంచే తిరిగిపోతుంది, ఒడ్డున చెట్ల నీడ పడుతుంది, మబ్బు పడుతుంది, బలమైన వెలుతురు దక్కేది మధ్యలో కొన్ని గంటలే. మన లైటు అలా కాదు, స్విచ్ వేసిన మొదటి నిమిషం నుంచి ఆపే నిమిషం దాకా ఒకే బలంతో కొడుతుంది. పైగా వాగులో నీళ్ళు పారుతూ ఉంటాయి, ట్యాంకులో చేపల మలం, మిగిలిపోయిన మేత అక్కడే కరిగి నాచుకి తిండి అవుతాయి. నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గే లైటు ఉన్నవాళ్ళు మొత్తం 10, 11 గంటలు పెట్టుకున్నా, అందులో పూర్తి బలం 5, 6 గంటలే ఉంటే ఇబ్బంది రాదు.

ఇంకో అపోహ ఉంది, లైటు బలహీనంగా ఉంటే గంటలు పెంచి సర్దేయొచ్చని. కొంతవరకే. ప్రతి మొక్కకీ ఒక కనీస వెలుతురు హద్దు ఉంటుంది. ఆ హద్దు దగ్గర కిరణజన్య సంయోగక్రియలో అది సంపాదించేది శ్వాసకి ఖర్చు చేసేదానితో సరిగ్గా సరిపోతుంది. దానికంటే తక్కువ వెలుతురులో 14 గంటలు ఉంచినా మొక్క అప్పులోనే ఉంటుంది. నేల మీద పరుచుకునే పచ్చిక లాంటి మొక్కలు బలహీనమైన లైటు కింద పైకి సాగి సన్నబడి చచ్చిపోవడం ఇందుకే. ఆ లైటుకి తగ్గ మొక్కలు పెట్టుకోవడమే దారి: అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్, జావా మాస్. నిదానంగా పెరుగుతాయి, తక్కువలో బతుకుతాయి. వీటికి బలమైన లైటు పది గంటలు వేస్తే మేలు జరగకపోగా అనూబియాస్ ఆకుల మీద పచ్చటి గట్టి చుక్కలు పట్టేస్తాయి, ఆకు చాలాకాలం ఉంటుంది కాబట్టి ఆ చుక్కలు కూడా అలాగే ఉండిపోతాయి.

అసలు చిక్కు కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఉంది, గంటల గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా వదిలేసేది దీన్నే. అవసరంతో పోలిస్తే ఏ పోషకం అన్నిటికంటే తక్కువగా ఉందో, పెరుగుదల దాని దగ్గర ఆగిపోతుంది. పొలంలో అయినా ట్యాంకులో అయినా ఇదే సూత్రం. గాలిలోంచి నీళ్ళలోకి కరిగే కార్బన్ డయాక్సైడ్ లీటరుకి అర మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే, చేపలూ బాక్టీరియా వదిలేది కలిస్తే ఇంకొంచెం. అది కూడా నీటిలో గాలిలో కంటే సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది, కాబట్టి ఆకు దగ్గర ఉన్నది అయిపోతే కొత్తది చేరడానికి టైము పడుతుంది. రాత్రంతా పోగైన ఆ కాస్తా లైటు వేశాక మొదటి కొన్ని గంటల్లోనే మొక్కలు లాగేసుకుంటాయి. ఆ తర్వాత లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ మొక్క చేతులు కట్టుకుని కూర్చున్నట్టే. చాలా తక్కువతో బతకగల నాచుకి మాత్రం ఆ మిగిలిన గంటలు పండగ. సిలిండరు లేని ట్యాంకులో పది గంటల బలమైన లైటు ఎందుకు దెబ్బతీస్తుందో ఇందులోనే ఉంది.

సిలిండరు పెట్టినవాళ్ళు నీటిలో లీటరుకి 20 నుంచి 30 మిల్లీగ్రాములు ఉండేలా చూసుకుంటారు, వాళ్ళ మొక్కలు ఆ వెలుతురుని నిజంగా వాడుకుంటాయి, అందుకే 8, 10 గంటలు నడుస్తాయి. గ్యాసు లైటుకి గంట, రెండు గంటల ముందు మొదలుపెట్టి, లైటు ఆగడానికి గంట ముందు ఆపాలి. రాత్రి గ్యాసు వదిలితే వృథా మాత్రమే కాదు, ప్రమాదం. చీకట్లో మొక్కలు కూడా చేపల్లాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, దానికి ఇది తోడైతే పొద్దున్నకల్లా చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి.

సిలిండరు లేనివాళ్ళకి ఒక ఉపాయం ఉంది: మధ్యలో విరామం. పొద్దున నాలుగు గంటలు వేసి, మూడు నాలుగు గంటలు ఆపి, మళ్ళీ సాయంత్రం నాలుగు గంటలు. ఆ ఖాళీలో కార్బన్ డయాక్సైడ్ కొంత తిరిగి పోగవుతుంది. మట్టి పరిచి మొక్కలు పెంచేవాళ్ళు దీన్ని ఎక్కువగా వాడతారు. విరామం వల్ల నాచు మాయమైపోతుందని కొందరు చెప్పేది మాత్రం నేను ఒప్పుకోను, మొత్తం గంటలు తగ్గకపోతే నాచుకి పోయేదేమీ లేదు. ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం వచ్చేవాళ్ళకి ఇంకో లాభం, ఇంట్లో ఉన్నప్పుడే ట్యాంకు వెలుగుతూ కనిపిస్తుంది. గదిలో మామూలు వెలుతురు ఉంటే ఈ విరామం చేపలకి రాత్రిలా అనిపించదు.

నాచు కనబడగానే గంటలు తగ్గించడం అందరూ చేసేదే, కానీ అన్ని నాచులూ ఒకటి కాదు. కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో అద్దం మీదా ఇసుక మీదా గోధుమరంగు పొడిలా పట్టేవి డయాటమ్‌లు. చేత్తో తుడిస్తే పోతాయి, ట్యాంకు కుదురుకుంటే అవే తగ్గుతాయి. లైటు చాలక వచ్చిందని గంటలు పెంచకండి. నీళ్ళే పచ్చటి రసంలా మారితే అది నీటిలో తేలే ఏకకణ నాచు. ట్యాంకుని దుప్పటితో పూర్తిగా కప్పేసి మూడు నాలుగు రోజులు చీకట్లో ఉంచడం దీనికి బాగా పనిచేస్తుంది. ఆ రోజుల్లో గాలి పంపు నడపాలి, మేత మానేయాలి లేదా బాగా తగ్గించాలి, దుప్పటి తీశాక నీళ్ళు ఎక్కువగా మార్చాలి, ఎందుకంటే చచ్చిన నాచు కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది. నీలిపచ్చగా జిగురు పొరలా పట్టి, వాసన వేస్తూ, లాగితే ముక్కలుగా ఊడి వచ్చేది అసలు నాచే కాదు, సయనోబాక్టీరియా. ఆకుల అంచున నల్లటి కుచ్చుల్లా పట్టేది ఎర్ర నాచు జాతిది, అది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ నిలకడగా లేకపోవడం వల్ల వస్తుంది, దానికి గంటలు ఒక్కటే తగ్గిస్తే పెద్ద ఫలితం ఉండదు.

మీ ట్యాంకుకి సరైన అంకె పట్టుకోవడం ఎలా అంటే, 6 గంటల దగ్గర మొదలుపెట్టి, రెండు వారాలు ఏమీ మార్చకుండా చూడండి. మొక్కలు కొత్త ఆకులు వేస్తూ, అద్దం వారానికి ఒకసారి తుడిస్తే సరిపోతుంటే అరగంట పెంచండి. మళ్ళీ రెండు వారాలు. పాచి పట్టే వేగం పెరిగిన చోట అరగంట వెనక్కి వస్తే అదే మీ అంకె. ఒకేసారి లైటు, ఎరువు, మేత మూడూ మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. 6 గంటల దగ్గర కూడా నాచు ఆగకపోతే ఇంకా గంటలు తగ్గించకుండా బలం తగ్గించండి: డిమ్మరు ఉంటే తిప్పండి, లేకపోతే లైటుని పైకి జరపండి, లేదా పైన తేలే మొక్కలు కొన్ని వదలండి.

మొక్కలే కొంత చెబుతాయి. లిమ్నోఫిలా, రొటాలా లాంటి నిలువుగా పెరిగే మొక్కల్ని సాయంత్రం గమనించండి. లైటు ఇంకా వెలుగుతుండగానే చివరి ఆకులు పైకి ముడుచుకుని మొగ్గలా దగ్గరపడుతుంటే వాటి రోజు అయిపోయిందని అర్థం. రోజూ లైటు ఆపడానికి రెండు గంటల ముందే ముడుచుకుంటున్నాయంటే ఆ రెండు గంటల వల్ల మొక్కకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. కణుపుల మధ్య దూరం పెరిగి, కింది ఆకులు రాలిపోతుంటే అడుగుకి వెలుతురు అందడం లేదని అనుమానించాలి.

టైమరు కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో ఖర్చుకి తగ్గ ఫలితం దీనికి మించి ఏదీ ఇవ్వదు. చేత్తో వేసి ఆపేవాళ్ళు ఒకరోజు ఐదు గంటలు, సెలవురోజు పదమూడు గంటలు వేస్తారు, సగటు బాగానే కనబడుతుంది గానీ చేపకీ మొక్కకీ సగటు తెలియదు. తిరిగే చక్రం ఉన్న టైమరు కరెంటు పోతే ఆగిపోయి అంతమేర ఆలస్యంగా నడుస్తుంది, అప్పుడప్పుడు సరిచేసుకోవాలి. పొద్దున ట్యాంకు లైటు వెలిగేముందు గదిలో వెలుతురు ఉండేలా చూడండి. కటిక చీకట్లో ఉన్నపళంగా లైటు పడితే చేపలు బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి, హాచెట్‌ఫిష్ లాంటివి మూత లేకపోతే బయటికే దూకేస్తాయి. రాత్రి తిరిగే ప్లెకో, కుహ్లీ లోచ్ లాంటి చేపలకి మేత లైటు ఆపాకే వెయ్యండి, లేకపోతే పగటి చేపలు మొత్తం ఊడ్చేస్తాయి.

పగడాలున్న సముద్రపు ట్యాంకు లెక్క కొంచెం వేరు. పగడం ఒంట్లోనే నాచు కణాలు ఉండి దానికి తిండి తయారుచేసి పెడతాయి కాబట్టి బలమైన వెలుతురు, అందులోనూ నీలం, 8 నుంచి 10 గంటలు ఇస్తారు. కొత్త లైటు పెట్టినప్పుడు అక్కడ కూడా తక్కువ బలంతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి, ఒక్కసారిగా పెంచితే పగడం ఆ కణాల్ని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. నియాన్ టెట్రా గుడ్లకి ఇంకా వేరు, వాటికి వెలుతురు పడదు, పెంచేవాళ్ళు ట్యాంకుని కప్పి ఉంచుతారు.

వారం పది రోజులు ఊరెళ్తున్నప్పుడు లైటు పూర్తిగా ఆపేయాలా అని అడుగుతుంటారు. మొక్కలుంటే ఆపొద్దు, టైమరులో 5 గంటలకి తగ్గించి వెళ్ళండి. ఎరువు వేసేవాళ్ళు ఎవరూ ఉండరు, నీళ్ళు మార్చేవాళ్ళు ఉండరు, కాబట్టి పెరుగుదల కాస్త నెమ్మదించడమే మంచిది. మొక్కలు లేకపోతే లైటు ఆపేసి, కిటికీ తెర కొంచెం తీసి ఉంచితే చాలు, చేపలకి పగలు రాత్రి తేడా తెలుస్తుంది. తిరిగొచ్చాక ఒక్కసారే పాత గంటలకి వెళ్ళకుండా ముందు నీళ్ళు మార్చి, అద్దం తుడిచి, రెండు మూడు రోజులకి అరగంట చొప్పున పెంచుకుంటూ రండి.